ప్రాథమిక బడి మంచిదో కాదో దేన్నిబట్టి చెప్తాం?

మే నెలాఖరుకు హన్మకొండ నయీంనగర్ నుంచి హంటర్ రోడ్డు దాకా ఏ స్తంభం చూసినా బడి ఫ్లెక్సీయే కనిపిస్తుంది. ఒకదాని మీద ర్యాంకులు, ఒకదాని మీద ఏసీ బస్సు, ఇంకోదాని మీద కోటు వేసుకున్న నాలుగేళ్ల పిల్ల. ఆ రోజుల్లోనే పరకాల, నర్సంపేట వైపు ఊళ్లలో ప్రభుత్వ టీచర్లు బ్యానర్ పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. ఆ కార్యక్రమానికి ఆత్మకూరు మండలం అక్కంపేటలో పుట్టిన ప్రొఫెసర్ జయశంకర్ పేరు పెట్టారు, జయశంకర్ బడిబాట అని. జూన్ 12న బడులు తెరుస్తారు. ఆలోపు బిడ్డ పేరు ఎక్కడో ఒకచోట రాయించాలి.

మా చెల్లె వాళ్లు ములుగు నుంచి హన్మకొండకు మారిన ఏడాది, ఒకటో తరగతికొచ్చిన బిడ్డ కోసం నాలుగు బడులు తిరిగింది. సాయంత్రం ఇంటికొచ్చి, "అన్నా, అందరు మా బడే మంచిదంటున్నరు. ఏది మంచిదో మనకెట్ల తెలుస్తది?" అని అడిగింది. ఒక్క మాటలో జవాబు చెప్పలేకపోయాను. 'మంచి బడి' అన్న మాటలో నాలుగైదు వేరు వేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. వాటిని విడదీసి చూపించడానికే ఈ వ్యాసం.

ముందే చెప్తున్నాను, ఇక్కడ మాట్లాడేది ఒకటి నుంచి ఐదో తరగతి దాకా ఉండే ప్రాథమిక బడి గురించి.

ఉన్నవి, జరిగేవి, వచ్చినవి

బడి గురించి మనకు తెలిసే సంగతులన్నీ మూడు రకాలు. బడిలో ఉన్నవి: గదులు, మరుగుదొడ్లు, నీళ్లు, టీచర్ల సంఖ్య, ఆటస్థలం. బడిలో జరిగేవి: పాఠం ఎలా చెప్తున్నారు, తప్పు చేసిన పిల్లతో ఎలా మాట్లాడుతున్నారు, వెనకబడ్డ పిల్లలకు ఎంత సమయం ఇస్తున్నారు. చివరగా, బిడ్డకు వచ్చినవి: చదవడం, రాయడం, లెక్క, భయం లేకుండా అడగడం.

మొదటివి పది నిమిషాల్లో కంటికి కనిపిస్తాయి. రెండోవి తెలియాలంటే తరగతి గదిలో కూర్చోవాలి. మూడోవాటికి ఏళ్లు పడతాయి. అడ్మిషన్ల ఆఫీసులో చూపించేవి దాదాపు అన్నీ మొదటి రకానివే, వాటిని చూసి మనం మూడోవి కూడా ఉన్నాయనుకుంటాం. తికమక అక్కడే మొదలవుతుంది.

మొదటి రకానికి చట్టమే ఒక కొలత పెట్టింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రకారం ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి కనీసం 200 పని దినాలు, 800 గంటల బోధన ఉండాలి. 60 మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లు, 90 దాకా ముగ్గురు, 120 దాకా నలుగురు ఉండాలి. ప్రతి బడికీ 11 అంకెల యూడైస్ కోడ్ ఉంటుంది. బడిలో టీచర్లు ఎందరు, గదులు ఎన్ని అన్న వివరాలు ఆ కోడ్ కిందే నమోదవుతాయి. ప్రభుత్వ గుర్తింపు కూడా ఈ కోవలోదే. గుర్తింపు లేని బడిలో చేర్చడం ప్రమాదం. గుర్తింపు ఉందంటే కనీస షరతులకు ఒప్పుకున్నారని అర్థం, అంతవరకే. అది ఏ తరగతి దాకా ఉందో కూడా ముఖ్యం.

'సీబీఎస్ఈ', 'టెక్నో', 'ఒలింపియాడ్' లాంటి మాటలకు ఐదో తరగతి లోపు పెద్ద బరువు లేదని నా అభిప్రాయం. రెండో తరగతి పిల్లకు కూడికలు ఏ బోర్డులోనైనా కూడికలే.

ఇద్దరు టీచర్లు, ఐదు తరగతులు: నిమిషాల్లో ఎంత?

60 మందికి ఇద్దరు టీచర్లంటే ఒక్కొక్కరికి 30 మంది. ఈ అంకె కాగితం మీద చక్కగా కనిపిస్తుంది, పట్నంలో 42 మందిని కూర్చోబెట్టిన ప్రైవేటు సెక్షన్ కన్నా మేలు అనిపిస్తుంది. కానీ ఆ 60 మంది ఐదు తరగతుల్లో ఉన్నారు.

800 గంటలను 200 రోజులకు పంచితే రోజుకు నాలుగు గంటలు. ఇద్దరు టీచర్లు కలిసి రోజుకు ఎనిమిది గంటలు చెప్పగలరు. దాన్ని ఐదు తరగతులకు పంచితే ఒక్కో తరగతికి గంటా 36 నిమిషాలు. అందులోనే తెలుగు, ఇంగ్లిష్, లెక్కలు, పరిసరాల విజ్ఞానం అన్నీ చెప్పాలి. ఒక టీచర్ సెలవు పెట్టినా, ఎన్నికల పనికో సర్వేకో పోయినా అది 48 నిమిషాలకు పడిపోతుంది. పట్నం సెక్షన్‌లో తరగతికొక టీచర్ ఉంటే పూర్తి నాలుగు గంటలూ ఆ తరగతికే దక్కుతాయి, పిల్లలు 42 మంది అయినా సరే.

ఊరి బడి మీద తీర్పు ఇక్కడే ఇచ్చేస్తే పొరపాటు చేసినట్టే. మంచి టీచర్ ఐదు తరగతులను ఐదుగా చూడరు. అక్షరాలు రాని పిల్లలు ఒక గుంపు, పదాలు చదివేవాళ్లు ఒక గుంపు, కథ చదవగలిగినవాళ్లు ఒక గుంపుగా కూర్చోబెడతారు. అప్పుడు లెక్క పూర్తిగా మారిపోతుంది. 42 మందికి ఒకే వేగంతో నాలుగు గంటలు చెప్పే గదిలో, వెనక బెంచీ పిల్లకు ఆ నాలుగు గంటల్లో ఒక్కటి కూడా అందకపోవచ్చు.

టీచర్ అర్హత మీద కూడా ఒక అయోమయం ఉంది. పెద్ద డిగ్రీ ఉన్నవాళ్లు చిన్న తరగతులకు ఇంకా బాగా చెప్తారనుకుంటాం. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ప్రాథమిక తరగతుల టీచర్ పోస్టులకు బీఈడీ సరిపోదని తీర్పు ఇచ్చింది, ఆ వయసు పిల్లలకు నేర్పడానికి డీఈడీ లాంటి వేరే శిక్షణ కావాలని. ఆరేళ్ల పిల్లకు 'క' గుణింతం పట్టుబడేలా చెప్పడం తనకంటూ ఒక విద్య.

ప్రైవేటు బడుల్లో నేను చూసిన పెద్ద లోటు టీచర్లు నిలబడకపోవడం. జూన్‌లో ఉన్న మేడం సంక్రాంతి సెలవుల తర్వాత ఉండదు. 1994 నాటి జీవో నంబర్ 1 ప్రకారం ప్రైవేటు బడులు ఫీజుల్లో సగం టీచర్ల జీతాలకు పెట్టాలి. జీతం బాగుంటే టీచర్ ఉంటుంది, ఉంటే పిల్లల్ని ఎరుగుతుంది. ప్రభుత్వ బడికి ఈ బెంగ తక్కువ. అయితే బదిలీల ఏడాది ఒక్క నెలలో బడి ముఖమే మారిపోవచ్చు.

సీట్లు, సగటు మార్కులు: ఎవరి గొప్ప?

మన వైపు ఐదో తరగతి అనగానే నవోదయ పరీక్ష. మామునూరులో ఉన్న విద్యాలయంలో ఆరో తరగతికి 80 సీట్లే. అందుకే 'మా బడికి ఆరు సీట్లు' అన్న ఫ్లెక్సీకి అంత గిరాకీ.

ఆరు సీట్లు తెచ్చిన బడిలో ఐదో తరగతిలో 90 మంది ఉన్నారనుకుందాం. పక్క ఊరి బడిలో 11 మంది ఉంటే ఒకరికి సీటు వచ్చింది. నూటికి లెక్కేస్తే మొదటిది ఏడుకు కొంచెం తక్కువ, రెండోది తొమ్మిది. రెండో బడే మేలా? అలా కూడా చెప్పలేం. పరీక్ష రోజు ఆ ఒక్క పిల్లకు జ్వరం వస్తే తొమ్మిది కాస్తా సున్నా అయ్యేది. పిల్లలు తక్కువ ఉన్నచోట శాతాలు గాలికి ఊగుతాయి. పైగా ఆ ఆరుగురు ఒకటో తరగతి నుంచి ఆ బడిలోనే చదివారా, నాలుగులో ఏరి చేర్చుకున్నారా అన్నది ఫ్లెక్సీ మీద రాయరు. చేర్చుకునేటప్పుడు పిల్లలకు పరీక్ష పెట్టడాన్ని విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ నిషేధించింది. మిగతా 84 మంది ఎలా చదువుతున్నారన్న ప్రశ్నకు కూడా ఆ ఆరు సీట్లలో జవాబు దొరకదు.

సగటు మార్కులదీ ఇదే కథ. ఐదో తరగతి చివర ఒక బడి సగటు 86, ఇంకో బడి సగటు 57. చూడగానే మొదటిదానికే ఓటేస్తాం. ఆ పిల్లలే మూడో తరగతి మొదట్లో ఎక్కడున్నారని అడిగితే మొదటి బడి 78, రెండోది 30 అని తేలిందనుకుందాం. మూడేళ్లలో ఒకటి ఎనిమిది మార్కులు ఎక్కింది, రెండోది 27. మొదటి బడికి అప్పటికే ఇంట్లో పుస్తకాలు, చదువుకున్న తల్లిదండ్రులు ఉన్న పిల్లలు వచ్చారు. 86లో ఎక్కువ భాగం ఇంటి నుంచి వచ్చినదే. చేరిన రోజు నుంచి పిల్ల ఎంత దూరం నడిచిందన్నదే బడి పనితనానికి దగ్గరి కొలత అని నేను నమ్ముతాను. విద్యారంగంలో చాలామంది పరిశోధకులు చెప్పేదీ అదే.

ఈ కొలతకూ చిక్కులున్నాయి. 78 దగ్గర ఉన్నవాళ్లకు ఎక్కడానికి 22 మెట్లే మిగిలాయి. పేపర్ తేలికైతే వాళ్ల ఎదుగుదల అందులో కనిపించదు. సాయంత్రం ట్యూషన్‌కు పోయే పిల్ల ఎదుగుదల బడిదా, ట్యూషన్‌దా? ఇంకోటి అన్నిటికన్నా ముఖ్యం. 20 మంది పిల్లల సగటు 30 అంటే మొత్తం 600 మార్కులు. పదేసి మార్కులు వచ్చే ఐదుగురు బడి మానేస్తే, లేదా 'మీ బాబుకు ఇక్కడ కష్టం' అని పంపించేస్తే, మిగిలేవి 550 మార్కులు, 15 మంది. సగటు దాదాపు 37కు చేరుతుంది. ఏ పిల్లకూ కొత్తగా ఒక్క అక్షరం రాకుండానే బడి ఏడు మార్కులు బాగుపడింది! కాబట్టి సగటుతో పాటు, అడుగున ఉన్న ఐదుగురు ఇప్పుడెక్కడున్నారని అడగాలి.

చదవడం వచ్చిందని ఎప్పుడు అంటాం?

ప్రాథమిక బడి చేయాల్సిన పనుల్లో అన్నిటికన్నా పెద్దది ఇదే. మూడో తరగతి దాటేలోపు చదవడం రాకపోతే, ఆ తర్వాత చెప్పే పాఠాలన్నీ పిల్ల తల మీదుగా పోతాయి. కేంద్రం 2021 జులై 5న ప్రారంభించిన నిపుణ్ భారత్ లక్ష్యమూ మూడో తరగతికల్లా చదవడం, లెక్క రావాలన్నదే.

రెండో తరగతి పిల్ల తెలుగు వాచకం తీసి గడగడా చదువుతుంటే కడుపు నిండినట్టుంటుంది. కొన్నిసార్లు అది చదవడం కాదు, చెవితో విన్నదాన్ని నోటితో అప్పజెప్పడం. పాఠం మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి ఇదేమిటని అడిగితే పిల్ల మొదటి వాక్యం నుంచి మళ్లీ అందుకుంటుంది. ఇంగ్లిష్‌లో ఇది ఇంకా ఎక్కువ. 'సీ ఓ డబ్ల్యూ కౌ' అని వంద మాటలు కంఠస్థం చేసిన పిల్లకు వందా ఒకటో మాట ఎదురైతే దారి తెలియదు.

చదవడంలో మూడు పొరలు ఉంటాయి. అక్షరాన్ని శబ్దంగా మార్చడం, ఆగి ఆగి కాకుండా సాఫీగా సాగడం, అర్థం చేసుకోవడం. తెలుగులో మొదటి పొర దగ్గరే ఒత్తులు అడ్డం పడతాయి. 'గుడ్డు'ను 'గుడు' అని, 'ఉత్తరం'ను 'ఉతరం' అని చదివే పిల్లలు ఐదో తరగతిలోనూ కనిపిస్తారు. రెండో పొరకు నిపుణ్ భారత్ మూడో తరగతిలో నిమిషానికి కనీసం 60 పదాలు అని పెట్టింది. కానీ భాష భాషకూ పదం పొడవు వేరు. 'ఇంటికొచ్చేటప్పటికి' మనకు ఒకే పదం. అందుకే 2022లో మూడో తరగతి పిల్లల మీద జరిగిన జాతీయ అధ్యయనంలో ఒక్కో భాషకు ఒక్కో ప్రమాణం పెట్టారు.

మూడో పొరకు ఒక ఉదాహరణ చూద్దాం. పుస్తకంలో లేని ఈ నాలుగు వాక్యాలు పిల్ల ముందు పెట్టామనుకోండి.

'మూడు రోజులుగా కోడి గంప కింద నుంచి లేవడం లేదు. మేత వేసినా రాలేదు. అవ్వ మెల్లగా గంప లేపి చూసింది. నవ్వి మళ్లీ దించింది.'

అవ్వ ఏం లేపింది? గంప. ఈ జవాబు వాక్యంలోనే ఉంది, వెతికి చెప్పేయొచ్చు. కోడి ఎందుకు లేవడం లేదు? దీనికి జవాబు ఎక్కడా రాసి లేదు. గుడ్లు పొదుగుతోందని పిల్ల తనంతట తాను అల్లుకోవాలి. మొదటి రకం ప్రశ్నలతోనే పరీక్షలన్నీ నిండిపోయిన బడిలో మార్కులు బాగా వస్తాయి, అర్థం చేసుకోవడం వెనకబడుతుంది.

ఇక్కడా ఒక మెలిక ఉంది. వర్ధన్నపేట పిల్ల ఈ రెండో ప్రశ్నకు తడుముకోకుండా చెప్తుంది. సుబేదారి అపార్ట్‌మెంట్‌లో పెరిగిన పిల్ల పొదిగే కోడిని చూసి ఉండకపోవచ్చు, ఎంత బాగా చదివినా తప్పు చెప్తుంది. ఇదే వాక్యాలు లిఫ్టు గురించో ఎస్కలేటర్ గురించో అయితే తారుమారవుతుంది. ఒకే ప్రశ్నపత్రంతో ఊరి బడినీ పట్నం బడినీ పోల్చినప్పుడు మనం కొలుస్తున్నది చదవడాన్నా, చూసిన లోకాన్నా అన్నది ఆలోచించాల్సిందే.

లెక్కల్లో 52లోంచి 37 తీసేయమంటే 25 అని రాసే పిల్లలు ప్రతి బడిలో ఉంటారు. ఏడులోంచి రెండు పోతే ఐదు, ఐదులోంచి మూడు పోతే రెండు. పెద్దదాంట్లోంచి చిన్నది తీసేయాలన్న సూత్రం ఆ పిల్ల తనకు తానే కట్టుకుంది. ఒక నోటుబుక్కులో దానికి ఎర్ర ఇంటూ గుర్తు మాత్రమే ఉంటుంది. ఇంకో నోటుబుక్కులో పక్కనే పుల్లల కట్టలు గీసి, ఒక పది కట్ట విప్పి చూపించి ఉంటుంది. ఇక ఒక్క తప్పు కూడా లేని, తరగతి మొత్తానికి ఒకేలా ఉన్న నోటుబుక్కులైతే బోర్డు చూసి దించుకున్నవే. అందమైన అక్షరాలు చూసి మురిసిపోయే నాన్నల్లో నేనూ ఒకడిని. నాకు ఈ సంగతి అర్థమవడానికి చాలా రోజులు పట్టింది.

ఇంగ్లిష్ మీడియం: రెండు వైపులా న్యాయం ఉంది

2022-23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లిష్ మీడియం వచ్చింది. ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురుగా తెలుగు ఉండే ద్విభాషా పుస్తకాలు ఇచ్చారు. రాష్ట్ర చట్టం ద్వారా 2018 నుంచి ప్రైవేటు బడుల్లో కూడా తెలుగు తప్పనిసరి సబ్జెక్టు.

ఇంగ్లిష్ అడిగే తల్లిదండ్రుల మాటలో నిజం ఉంది. ఇంటర్, ఇంజినీరింగ్, ఉద్యోగం అన్నీ ఇంగ్లిష్‌లోనే. ఏనుమాముల మార్కెట్లో హమాలీ పని చేసే తండ్రి తన కొడుకు దానివల్లే ఆగిపోకూడదనుకుంటే తప్పెలా అవుతుంది? అటువైపు, తెలిసిన భాషలో చదవడం వచ్చాక రెండో భాష తేలిక అవుతుందని భాషావేత్తలు చెప్తున్నారు. 2020 జాతీయ విద్యావిధానం వీలైనచోట కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలో చెప్పమంటోంది. మహబూబాబాద్ తండాలో పుట్టిన లంబాడా పిల్లకు, ఏటూరునాగారం వైపు కోయ పిల్లకు తెలుగే రెండో భాష అన్న సంగతి ఈ వాదనలో చాలాసార్లు మరుగున పడుతుంది.

మీడియం పేరు కన్నా ఇంకో సంగతి ఎక్కువ చెప్తుంది. పిల్లకు అర్థం కానప్పుడు టీచర్ ఏ భాషలోకి మారుతున్నారు? తెలుగు మాట్లాడితే జరిమానా వేసే బడిలో, అర్థం కాని పిల్ల నోరు మూసుకుని కూర్చోవడం నేర్చుకుంటుంది.

పెద్ద సర్వేలు మన వీధి బడి గురించి ఎందుకు చెప్పవు?

అసర్ నివేదిక వచ్చినప్పుడల్లా పత్రికల్లో గగ్గోలు. 2005 నుంచి జరుగుతున్న ఆ సర్వే గ్రామాల్లో ఇళ్లకు వెళ్లి పిల్లల్ని చదివిస్తుంది. పిల్ల ఏ బడిలో చదివినా లెక్కలోకి వస్తుంది, పట్నాలు రావు. 2024 డిసెంబర్ 4న జరిగిన పరఖ్ సర్వేలో మూడు, ఆరు, తొమ్మిది తరగతుల పిల్లలకు ఎంపిక చేసిన బడుల్లో పరీక్ష పెట్టారు, ఫలితాలు జిల్లాల వారీగా వచ్చాయి. ఈ రెండూ వ్యవస్థ ఆరోగ్యం చూసే థర్మామీటర్లు. 'హన్మకొండ జిల్లా ఇంత' అన్న అంకె నుంచి ఒక బడి మంచిదో కాదో తీయడానికి వీల్లేదు.

అంకెల్లోకి రాని రెండు సంగతులు

వర్ధన్నపేట నుంచి హన్మకొండ బడికి పసుపు బస్సులో రాను గంట, పోను గంట అనుకుంటే, 200 రోజులకు 400 గంటలు. చట్టం చెప్పిన 800 బోధన గంటల్లో సగం. ఆరేళ్ల పిల్ల ఆడుకునే సమయం, నిద్ర అందులోంచే పోతాయి. దూరపు బడి నిజంగా మేలైతే ఆ ఖర్చుకు తగ్గ ఫలితం ఉండొచ్చు, కానీ ఆ ఖర్చు లెక్కలో వేసుకునేవాళ్లు తక్కువ.

రెండోది భయం. పిల్లల్ని కొట్టడం, మనసు నొప్పించడం విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం నిషేధం. 'నాలుగు తగిలిస్తేనే చదువొస్తుంది' అనే పెద్దవాళ్లు మన ఇళ్లలో ఇంకా ఉన్నారు, వాళ్లకు బిడ్డల మీద ప్రేమ లేక కాదు. వాళ్లు అడిగే క్రమశిక్షణ అవసరమే. అయితే దెబ్బకు భయపడే పిల్ల తనకు రాలేదని చెప్పదు. రాలేదని చెప్పని పిల్లకు ఎక్కడ రాలేదో టీచర్‌కు తెలియదు.

పోయిన చలికాలం పరకాల దగ్గర ఒక చిన్న ప్రభుత్వ బడికి వెళ్లాను. 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు. గోడకు ఒక చార్టు అంటించి ఉంది. చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్క రావాలని రాష్ట్ర ప్రభుత్వం 2022 ఆగస్టులో మొదలుపెట్టిన తొలిమెట్టు కార్యక్రమం నుంచి ఇది అలవాటైందట. ఎడమవైపు పేర్లు, పైన గడులు: అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు, పదాలు, కథ. జూన్‌లో ప్రతి పేరు ఎదురుగా పెన్సిల్‌తో ఒక చుక్క, నవంబర్లో పెన్నుతో ఇంకో చుక్క. ఎక్కువ పేర్లలో రెండు చుక్కల మధ్య దూరం ఉంది. ఇద్దరి చుక్కలు మాత్రం ఒకే గడిలో ఉన్నాయి. పత్తి ఏరే రోజుల్లో వాళ్లు సరిగా బడికి రాలేదట. మేడం ఆ రెండు పేర్ల మీద వేలు పెట్టి, "వీళ్లమ్మ ఫోన్ ఎత్తుతలేదు సార్, బడి అయినంక ఇంటికే పోతున్న" అంది.